మా అమ్మాయి కారుకి ముప్పై రెండు పాయింట్లు

మా కోటిపేటలో గాలి ఆఫీసు రావడానికి కారణం నేనే. ఇన్నాళ్ళూ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. కార్లున్నవాళ్ళకు తెలిస్తే మా ఇంటి మీదికి వస్తారని భయం. కార్లు లేనివాళ్ళకు తెలిస్తే వాళ్ళు వెళ్ళి కార్లున్నవాళ్ళకు చెబుతారని భయం.

నేను చదివింది ఏడో తరగతి. చదువు తక్కువే గాని దస్తూరీ మాత్రం బాగుంటుంది. కొంప ముంచింది అదే. దస్తూరీ బాగాలేని అర్జీలు ఎవరూ చదవరు. నాది చదివారు.

మా అమ్మాయి మణిమాల పశువుల డాక్టరు. ఇరవై రెండు కిలోమీటర్ల అవతల గువ్వలంకలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. రెండేళ్ళు ప్రొబేషను. ఈలోగా ఆలస్యంగా వచ్చినందుకు మూడు మెమోలు పడితే ఇంటికి పంపించేస్తారట. ఆ ఊరికి మొదటి బస్సు పదకొండింటికి గాని లేదు. అందుకని చిన్న పాత కారు ఒకటి కొనుక్కుంది.

కారు ఇంటికొచ్చిన రోజున నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. కారు కదిలింది, నిమ్మకాయలు చితికాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం వంగి టైరును వేలితో నొక్కి చూసి, ఇంత రబ్బరూ ఇంత గాలీ, వీటి మీదా నా కూతురు కాలవగట్టు రోడ్డున తిరగబోయేది అని అరుగు మీద కూలబడ్డాను.

ఆ తరవాత నేను తెలుసుకున్నదేమిటంటే, టైరులో గాలి తక్కువైతే వేడెక్కి పేలుతుందట. ఎక్కువైతే బిగుసుకుపోయి పేలుతుందట. మధ్యలో ఉండాలట. మధ్య అంటే ముప్పై రెండు పాయింట్లు. కారు తలుపు తీస్తే పక్కన చిన్న కాగితం అంటించి ఉంటుంది, దాని మీద రాసి ఉంది. ఆ అంకె చూసినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. ముప్పై రెండు ఉందో లేదో ఎవరు చెప్పాలి?

మా ఆయన గవర్రాజు గారు రైసుమిల్లులో కాటా దగ్గర పని చేస్తారు. ముప్పై ఏళ్ళుగా బస్తాలు తూచి తూచి, చేత్తో తట్టి బరువు చెప్పగలిగే మనిషి. రోజూ పొద్దున్నే టైరు మీద బొటనవేలు పెట్టి నొక్కి, "ఉంది" అనేవారు.

"ఎంతుందండీ?" అనేదాన్ని.

"ఉండాల్సినంత ఉంది."

ఆడపిల్ల ప్రాణానికి ఇదా జవాబు? కారు తీసుకుని మెయిన్ రోడ్డు మీద పంక్చర్ షాపు జిలానీ గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన గాలిమిషను మీద పెద్ద గుండ్రటి మీటరు ఉంది. చూస్తే ముల్లు ముప్పై అయిదు మీద ఉంది.

"జిలానీ గారూ, ఇంకా గొట్టం పెట్టనేలేదు, అప్పుడే ముప్పై అయిదు చూపిస్తోందేవిటండీ?"

"అది దాని అలవాటండమ్మా. పదకొండేళ్ళ నుంచీ అదే చూపిస్తోంది. ఈ రోజుల్లో మాట మీద నిలబడే మీటరు ఎక్కడ దొరుకుద్ది చెప్పండి?" అన్నారాయన.

ఆ సోమవారం మండలాఫీసులో అర్జీల రోజు. తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి ఇచ్చాను. "అయ్యా, మా ఊరి పెట్రోలు బంకులో గాలి సరిగ్గా చూపించే మీటరు ఒకటి పెట్టించగలరు. మా అమ్మాయి కారు నడుపుచున్నది. నాకు ఒక్కతే కూతురు. భయముగా ఉన్నది."

ఇంతే రాశాను. దేవుడి మీద ఒట్టు. ఆఫీసు పెట్టమని నేను రాయలేదు.

ఆ కాగితం ఏ బల్ల మీదికి వెళ్ళిందో, ఏ బల్ల మీది నుంచి ఏ బల్ల మీదికి ఎక్కిందో నాకు తెలియదు. తరవాత నాకు చూపించినప్పుడు మాత్రం ఆఖరి వాక్యం కింద ఏడు రంగుల్లో ఏడు గీతలున్నాయి. ప్రజలు భయపడుతున్నారని ఏడుగురు గుర్తించారన్నమాట.

నలభై రెండో రోజున పాత ధాన్యం గోదాముకి సున్నం వేసి బోర్డు కట్టారు. "వాయుపీడన పర్యవేక్షణ మరియు పరిరక్షణ ప్రత్యేక కార్యాలయము." ఊళ్ళోవాళ్ళు అంత ఊపిరి పట్టలేక గాలి ఆఫీసు అన్నారు. ప్రత్యేకాధికారి కోదండపాణి గారు నాకు కబురు పంపించారు. సన్నగా, నీటుగా, కళ్ళజోడు గొలుసుతో, మాట్లాడేటప్పుడు గోడ మీద ఏదో రాసి ఉన్నట్టు చూస్తూ మాట్లాడే మనిషి.

"అచ్చాయమ్మ గారూ, తమరి అర్జీ సానుకూలముగా పరిష్కరింపబడినది. ఇక్కడ సంతకము చేయండి."

"మీటరు పెట్టించారాండీ?"

"మీటరు అనునది రెండవ దశ. మొదటి దశలో కార్యాలయము, సిబ్బంది, కుర్చీలు, రబ్బరు స్టాంపు."

"మరి గాలండీ?"

"గాలి అంతటా ఉన్నదే కదమ్మా. దానికి కొరత లేదు. లేనిదల్లా పర్యవేక్షణ."

ఆ మాట నాకు నచ్చింది. నిజం చెప్పొద్దూ, ఇంటికి వచ్చి ఆ రోజు హాయిగా పడుకున్నాను. నా కూతురి టైర్ల కోసం గవర్నమెంటు ఒక ఆఫీసు, ఒక అధికారి, ఒక గుమస్తా, నూకరాజు అనే ఒక అటెండరు, ఒక జీపు పెట్టింది. ఏ తల్లికి దక్కుతుంది ఈ భాగ్యం?

మొదటి దశలో ప్రతి చక్రానికీ ఒక కార్డు ఇచ్చారు. కార్డు మీద చక్రం ఫోటో అంటించాలి. ఎదురుగా తీయించిన ఫోటో, నీడ పడకూడదు. దాని కింద పుట్టుమచ్చలు రెండు రాయాలి. ఎడమ ముందు చక్రానికి మేకు గీత ఒకటి, రాయి గాటు ఒకటి దొరికాయి. కుడి వెనక చక్రానికి ఎంత వెతికినా ఒక్కటే దొరికింది. గుమస్తా ఒప్పుకోలేదు. వెళ్ళి తీరిగ్గా వెతుక్కు రమ్మన్నాడు. మణిమాల తాళంచెవితో రెండోది పెట్టింది.

"చక్రం పేరు?" అన్నాడు గుమస్తా.

"పేరేంటి బాబూ, చక్రవే."

"ఎడమ ముందు, కుడి వెనక అని రాసుకుంటే, రేపు మీరు దాన్ని తీసి ఇక్కడా, దీన్ని తీసి అక్కడా పెట్టేస్తే? అప్పుడు మేం ఎవర్ని కొలిచినట్టు? పేరుండాలమ్మా."

నాకప్పుడు వేరే ఏమీ తట్టలేదు. మా ఆయనకు నలుగురు చెల్లెళ్ళు. చక్రాలూ నాలుగే. పాపాయమ్మ, చిట్టెమ్మ, వీరవేణి, అన్నపూర్ణ అని రాయించేశాను. సరిగ్గా సరిపోయింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన చెప్పులు తొడుక్కున్నారు. తరవాత, "పాపాయమ్మ ఏ చక్రం?" అని అడిగారు.

"ముందు ఎడమది."

"దానికి గాలి ఎక్కువే ఉండుద్ది" అని మిల్లుకి వెళ్ళిపోయారు.

నెల తరవాత మీటరు వచ్చింది. పెన్ను అంత ఉంది. దానికి పూలదండ వేస్తే మీటరు కనిపించలేదు. ఇకనుంచి ఊళ్ళో ప్రతి కారూ రోడ్డెక్కే ముందు రోజూ గాలి చీటీ తీసుకోవాలన్నారు. నిబంధనల పుస్తకం అచ్చు వేశారు. అందులో ఏడో నిబంధన ఒక్కటే నిజంగా శాస్త్రం తెలిసినవాళ్ళు రాసిందని మణిమాల చెప్పింది. "పీడనమును చల్లని టైరు నందు మాత్రమే కొలవవలెను." కారు నడిస్తే టైరు వేడెక్కి, లోపల గాలి ఉబ్బి, రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపిస్తుందట. నిజమేనట.

మా ఇంటికీ గాలి ఆఫీసుకీ మూడు కిలోమీటర్లు.

మొదటి రోజు పొద్దున ఏడున్నరకే వెళ్ళాం. కోదండపాణి గారు చెయ్యి తిప్పి, అరచేతి వెనక వైపు టైరుకి ఆనించి, పిల్లల నుదురు చూసినట్టు చూశారు.

"చిట్టెమ్మ వేడిగా ఉన్నది."

"ఇప్పుడే నడిచి వచ్చింది కదండీ" అన్నాను.

"అదే మా అభ్యంతరము. చల్లబడిన పిదప హాజరు పరచండి."

ఒళ్ళు కాలిందంటే తడిగుడ్డ వెయ్యడమే నాకు తెలిసిన వైద్యం. నా కొంగు చింపినంత పని చేసి, నూకరాజు దగ్గర బకెట్టు అడిగి, నాలుగు టైర్లకీ తడిగుడ్డలు చుట్టాను. ఆరిపోతే మళ్ళీ తడిపాను. విసనకర్రతో విసిరాను.

"అమ్మా, అది టైరే. లే, జనం చూస్తున్నారు" అంది మణిమాల.

"జనం చూస్తే చూస్తారు, చిట్టెమ్మకి తగ్గనీ."

తగ్గేసరికి పది దాటింది. నూకరాజు మూత విప్పి మీటరు నొక్కాడు. తుస్సుమంది. "ముప్పై రెండు" అన్నాడు. అమ్మాయి గువ్వలంక చేరేసరికి పదకొండైంది. మొదటి మెమో ఆ రోజే పడింది.

మర్నాడు మణిమాల వెళ్ళి అడిగింది. "సార్, మీటరు మా ఇంటికి తెస్తే పొద్దున్నే చల్లగా ఉండగా కొలవచ్చు కదండీ? రెండు నిమిషాల పని."

"మీటరు కార్యాలయ ఆస్తి. గడప దాటరాదు. గడప దాటవలసినది తమరి వాహనము. అయితే నడవరాదు. నడిచిన వేడెక్కును. కావున వాహనము నడవకుండా హాజరు కావలెను."

"నడవకుండా ఎలా వస్తుందండీ?"

"మోసుకొని రండి. విధానము తమరి ఇష్టము. కార్యాలయము పౌరుల స్వేచ్ఛలో జోక్యము చేసుకోదు."

జిలానీ గారు తన లారీ మీద కార్లు ఎక్కించి తెస్తానన్నారు. నాలుగు తెచ్చారు కూడా. అయిదో కారుతో వచ్చినప్పుడు కోదండపాణి గారు లారీ చుట్టూ ఒకసారి తిరిగి, లారీ టైర్ల చీటీ అడిగారు. లారీ చీటీ తీసుకోవాలంటే లారీ కూడా నడవకుండా రావాలి కదా. జిలానీ గారు ఆకాశం వైపు చూసి, "హెలికాప్టరు చక్రాల్లో కూడా గాలే ఉంటదా అమ్మా?" అని నన్నడిగారు. ఉంటుందని గుమస్తా చెప్పాడు.

గాలి లేని చక్రం కావాలి. ఎడ్లబండి అయితే బాగానే ఉంటుందని ఎవరో అన్నారు. తీరా చూస్తే ఇప్పుడు ఎడ్లబండ్లన్నిటికీ పాత లారీ టైర్లే. కర్రచక్రానికి ఇనప పట్టీ కట్టిన బండి మా మండలం మొత్తానికి ఒక్కటే మిగిలింది. అది బైపాస్ మీద ధాబా ముందు అందానికి పెట్టారు. దాంట్లో బంతిమొక్కల కుండీలుండేవి. బండి అసలు యజమాని గువ్వలంక బులిరాజు. ధాబావాళ్ళ దగ్గర్నుంచి బండి తెచ్చుకుని, కుండీలు దింపి, పలకలు బిగించి, రెండు ఎడ్లు కట్టి, ఒక్కోసారి ఒక్కో కారు ఎక్కించుకుని గాలి ఆఫీసుకి మోయడం మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి పెళ్ళివారు కూడా బులిరాజును అడిగి గాని ముహూర్తం పెట్టుకోవడం లేదు.

మా అమ్మాయికి గురువారం దొరికింది. అప్పటిదాకా చీటీ లేక కారు ఇంట్లోనే. ఒక రోజు పదకొండింటి బస్సులో వెళ్ళింది. రెండో మెమో పడింది. బతిమాలుకుని మిగతా రోజులన్నీ సెలవు పెట్టించాను. ఇక ఒక్క మెమో మిగిలింది. ఆ ఒక్కటీ పడితే నా కూతురి ఉద్యోగం పోతుంది. పోగొట్టింది ఎవరు? నా దస్తూరీ.

గురువారం ఉదయం ఆరున్నరకి మా తెల్లకారు బండెక్కింది. కారులో మణిమాల, కారు పక్కన నేను, ముందు బులిరాజు. దారి పొడుగునా జనం దణ్ణం పెట్టారు, దేవుడి ఊరేగింపు అనుకుని.

ఆఫీసు ఆవరణలోకి వెళ్ళగానే కోదండపాణి గారు వచ్చారు. టైర్లు ముట్టుకున్నారు. మొదటిసారి ఆయన మొహంలో సంతోషం కనిపించింది. "అద్భుతము. నాలుగును చల్లగా ఉన్నవి." తరవాత ఎడ్ల వైపు చూశారు. "ఎడ్ల యోగ్యతాపత్రము ఏదీ?"

"అదేటండి?" అన్నాడు బులిరాజు.

"ప్రభుత్వ కార్యాలయ ఆవరణలోనికి బరువు మోయుచు వచ్చు పశువునకు ప్రభుత్వ పశువైద్యాధికారి ఇచ్చిన పత్రము ఉండవలెను. నిన్న సాయంత్రమే ఉత్తర్వు వెలువడినది. పత్రము లేనిదే సరుకు దించరాదు, బండి తిప్పరాదు. ఈ ఎడ్లు ఏ ఊరివి?"

"గువ్వలంకండి."

"అయితే గువ్వలంక డాక్టరు సంతకము కావలెను."

"గువ్వలంక డాక్టర్ని నేనేనండీ" అంది మణిమాల కారు కిటికీలోంచి. "ఎడ్లు రెండూ బాగున్నాయి. కాగితం ఇవ్వండి, సంతకం పెడతాను."

"ఇక్కడనా?" కోదండపాణి గారు ఒక అడుగు వెనక్కి వేశారు. "ఇది తమరి పరిధి కాదు. తమరి పరిధిలో, తమరి ఆసుపత్రిలో, తమరి కుర్చీలో కూర్చుండి చేయవలెను."

"అక్కడికి వెళ్ళాలంటే నాకు కారు కావాలి."

"నిజమే."

"కారు దించాలంటే ఎడ్ల పత్రం కావాలి."

"అక్షరాలా నిజము. తమరు విషయమును చక్కగా గ్రహించినారు."

బులిరాజు తలపాగా తీసి మళ్ళీ కట్టుకున్నాడు. "ఆయ్, ఎడ్లు బానే ఉన్నాయండి, డాక్టరమ్మ గారూ బానే ఉన్నారండి, మీరూ బానే ఉన్నారండి. మరి తేడా ఎక్కడొచ్చిందంటారు?"

అప్పుడు ఫోను మోగింది. గువ్వలంక మంగాయమ్మ. ఆవిడకి ఒక్కటే గేదె, దాని పాల మీదే బతుకుతుంది. ఆ గొంతు నాకు కూడా వినిపించింది.

"డాక్టరమ్మా, నా గేదె పడిపోయిందమ్మా. దూడ అడ్డం తిరిగిపోయింది, ఒక్క కాలే కనపడతాంది. తొందరగా రామ్మా, తల్లీబిడ్డా దక్కేలా లేరు!"

"మంగాయమ్మా, లాగొద్దు. ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దు. అరగంటలో వస్తాను" అంది మణిమాల. ఫోను పెట్టేసి కోదండపాణి గారి వైపు చూసింది.

ఆయన చెడ్డమనిషి కాదు. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "పశుప్రాణము. మానవతా దృక్పథముతో మా కార్యాలయపు జీపు ఇచ్చుచున్నాను. కూర్చోండి" అన్నారు.

అందరం జీపు దగ్గరికి పరిగెత్తాం. జీపు, గుడ్లు పొదిగే కోడిపెట్టలాగా నేల మీద చతికిలబడి ఉంది. నాలుగు టైర్లలోనూ గాలి లేదు.

"ఇదేవిట్రా నూకరాజూ?" అన్నారు కోదండపాణి గారు. కంగారులో వాడుకభాష వచ్చేసింది.

"లక్ష్యం అండి. రోజుకి వంద కొలతలు చెయ్యాలని పైనుంచి రాశారు కదండి. కార్లు ఎనిమిది కంటే రావట్లేదండి. మిగతావన్నీ జీపు మీదే చేస్తన్నానండి. నొక్కినప్పుడల్లా కొంచెం తుస్సంటదండి."

"రిజిస్టరు తీసుకురా."

రిజిస్టరు వచ్చింది. ప్రతి రోజూ, ప్రతి గడిలోనూ ముప్పై రెండు. చేత్తో రాసింది కూడా కాదు. టైము కలిసొస్తుందని ముందే అచ్చు వేయించారట. కోదండపాణి గారు గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. ఆయన భాష ఆయనకు తిరిగొచ్చింది.

"రికార్డు ప్రకారము ఇందు పూర్తిగా గాలి ఉన్నది. ఎక్కండి."

ఎక్కాం. ఏం చేస్తాం, అధికారి చెప్పాక? డ్రైవరు బండి తీశాడు. జీపు కుయ్యోమని మూలిగి, డొక్క నేలకి రాసుకుంటూ నాలుగు బారలు జరిగి ఆగిపోయింది.

"రికార్డు కదలట్లేదండి" అన్నాడు నూకరాజు.

నేను ఎప్పుడూ ధైర్యస్తురాలిని కాను. పిల్లి అడ్డం వస్తే నీళ్ళు తాగి కూర్చుంటాను. బల్లి పడితే పంచాంగం చూపిస్తాను. కాని ఆ మంగాయమ్మ గొంతు చెవిలో ఉండిపోయింది. ఒక్కటే గేదె. నాకు ఒక్కతే కూతురు. ఆ భయం నాకు బాగా తెలుసు.

జీపు దిగి వెళ్ళి బండి ముందు నిలబడ్డాను. "బులిరాజూ, పలకలు వాల్చు. కారు దించు."

"అమ్మా, ఉత్తర్వు..." అన్నారు కోదండపాణి గారు.

"మీరు ఎడ్ల సంగతి చూసుకోండి బాబూ. అవి ఇక్కడే ఉంటాయి."

బులిరాజు పలకలు వాల్చేశాడు. ఆ మనిషి దానికోసమే ఎదురుచూస్తున్నట్టున్నాడు. కారు మెల్లిగా నేల మీదికి దిగింది. నేను వంగి పాపాయమ్మ మీద బొటనవేలు పెట్టి నొక్కాను. తరవాత చిట్టెమ్మ, వీరవేణి, అన్నపూర్ణ.

"ఉంది" అన్నాను.

"ఎంత ఉన్నది?" అన్నారు కోదండపాణి గారు.

"ఉండాల్సినంత ఉంది."

ఎక్కి కూర్చున్నాను. మణిమాల కారు తీసింది. వెనక నుంచి "ఆపండి! జీపు తీయండి! వెంబడించండి!" అని కేకలు వినిపించాయి. తరవాత కుయ్యోమన్న మూలుగు. తరవాత ఏమీ లేదు.

ఆ ఇరవై రెండు కిలోమీటర్లూ నేను ఎలా వెళ్ళానో నాకే తెలుసు. రోడ్డు మీద గులకరాయి కనిపిస్తే కాళ్ళు పైకి తీసుకున్నాను, నా బరువు తగ్గితే టైరుకి కొంచెం తేలికని. "అమ్మా, కాళ్ళు దించు" అంది మణిమాల రెండుసార్లు. మూడోసారి చెప్పడం మానేసింది.

మంగాయమ్మ పాకలో గేదె పక్కకి పడి రొప్పుతోంది. మణిమాల చేతులు కడుక్కుని, మోచేతి దాకా సబ్బు రాసుకుని, లోపల చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. ఏం చేసిందో నేను చూడలేదు, అవతలికి తిరిగాను. "అమ్మా, తాడు పట్టుకో. గేదె ముక్కినప్పుడు లాగు. ముక్కనప్పుడు ఆగు" అంది. నేనూ మంగాయమ్మా కలిసి పట్టుకున్నాం. లాగమన్నప్పుడు లాగాం, ఆగమన్నప్పుడు ఆగాం. ఎంతసేపో తెలియదు. ఒక్కసారిగా దూడ జారి గడ్డి మీద పడింది. పెయ్యదూడ. నల్లగా, తడిగా, కదలకుండా ఉంది.

మంగాయమ్మ నోరు కొట్టుకుంది. మణిమాల దాని నోరూ ముక్కూ తుడిచి, గడ్డిపరక ఒకటి విరిచి ముక్కులో పెట్టి తిప్పింది. ఒకసారి తిప్పింది. రెండోసారి తిప్పింది. దూడ తుమ్మింది. ఆ తరవాత దాని పక్కలు మెల్లిగా పొంగడం, తగ్గడం మొదలైంది.

నేను దాని పొట్ట మీద చెయ్యి పెట్టి చూశాను. ఎంత ఉందో చెప్పడానికి మీటరు లేదు. ఉండాల్సినంత ఉంది.

"డాక్టరమ్మకి ఇంకా తొమ్మిది కాలేదు, అప్పుడే డ్యూటీ చేసేసింది" అని మంగాయమ్మ ఊరంతా చెప్పింది. మూడో మెమో ఆ రోజు పడలేదు. కాని గాలి ఆఫీసు నుంచి పశువుల ఆఫీసుకి కంప్లయింటు వెళ్ళబోతోందని మర్నాడు జిలానీ గారు చెప్పారు. చీటీ లేకుండా కారు నడిపినందుకు, ఉత్తర్వు ధిక్కరించినందుకు, ప్రభుత్వ జీపుని అవమానించినందుకు. ఇలాంటి కాగితం ప్రొబేషన్లో ఉన్న పిల్ల మీద వెళితే మెమోలు లెక్కపెట్టుకునే పని కూడా ఉండదు.

మా ఆయన అన్నారు, "నీ మూలానే వచ్చింది. నువ్వే ఏదోటి రాయి."

రాశాను. ఈసారి కోదండపాణి గారికే, గుండ్రంగా రాశాను. "అయ్యా, కొలిచినప్పుడల్లా టైరులోని గాలి కొంత పోవుచున్నది. తమ జీపే సాక్షి. ప్రభుత్వ జీపులోని గాలి ప్రభుత్వానిదే కదా. అంత గాలి ఎక్కడికి పోయినదని రేపు ఎవరైనా తమరిని అడిగిన, రిజిస్టరులో ముప్పై రెండు ఉన్నది, జీపులో లేదు, మధ్యలో ఎవరు తీసుకొన్నారని అడిగిన, తమరికి ఇబ్బంది కలుగునేమో. భయముగా ఉన్నది."

మొదటి అర్జీకి నలభై రెండు రోజులు పట్టింది. దీనికి ఒక్క పూట. సాయంత్రానికి కోదండపాణి గారు మా ఇంటికే వచ్చారు. మంచినీళ్ళు తాగారు. గోడ వైపు కాకుండా నా వైపే చూశారు.

"అమ్మా, ఈ కాగితము ఇంకెవరికైనా చూపించినారా?"

"లేదండి."

"నకలు ఉన్నదా?"

"దస్తూరీ బాగుంటుందని రెండు రాశానండి."

ఆయన ఇంకో గ్లాసు మంచినీళ్ళు తాగారు.

మర్నాడు కొత్త ఉత్తర్వు వచ్చింది. కొలత వలన పీడన నష్టము వాటిల్లుచున్నందున ఇకపై టైర్లను కొలుచుట నిషేధింపబడినది. గాలి చీటీ మాత్రం రోజూ తీసుకోవాలి. కారు రానక్కర్లేదు, టైరు చల్లగా ఉండనక్కర్లేదు, మనిషి వస్తే చాలు. మనిషి రాలేకపోతే వారానికి సరిపడా చీటీలు ఒకేసారి ఇస్తారు. ముప్పై రెండు ముందే అచ్చు వేసి ఉంటుంది. మీటరుని బీరువాలో పెట్టి సీలు వేశారు, ఎవరైనా పొరపాటున కొలుస్తారేమోనని. నూకరాజుకి ఇప్పుడు రోజుకి వంద స్టాంపులు లక్ష్యం. చాలా సుఖంగా ఉన్నాడు.

మా అమ్మాయి మీద కంప్లయింటు కూడా వెళ్ళలేదు. వెళ్ళడానికి వీల్లేదని తేలింది. పత్రం లేనిదే సరుకు దించకూడదు కాబట్టి, ఎడ్లకు పత్రం ఇవ్వలేదు కాబట్టి, కారు బండి మీది నుంచి దిగినట్టు రికార్డులో రాయలేకపోయారు. దిగని కారు వెళ్ళినట్టు ఎలా రాస్తారు? రికార్డు ప్రకారం మా కారు ఈ రోజుకీ బులిరాజు బండి మీదే ఉంది. బండి మాత్రం ధాబా ముందుకి తిరిగి వెళ్ళిపోయింది. మళ్ళీ బంతిమొక్కలు పెట్టారు.

నేను అడిగిన మీటరు? పెట్రోలు బంకులో ఇంకా పెట్టలేదు. జిలానీ గారిది ముప్పై అయిదు మీదే నిలబడి ఉంది. చివరికి మా ఆయనే మిల్లుకి వచ్చే లారీ డ్రైవరుతో చెప్పి, పెన్నంత మీటరు ఒకటి తెప్పించారు. ఇప్పుడు నెలకి రెండు ఆదివారాలు, పొద్దున్నే కారు కదలకముందు, నేనే మూత విప్పి పెడుతున్నాను. ఒక్క తుస్సు, అంతకంటే ఎక్కువ పోనివ్వను. చిట్టెమ్మ ముప్పై రెండు. వీరవేణి ముప్పై రెండు. అన్నపూర్ణ ముప్పై ఒకటి. పాపాయమ్మ ఎప్పుడు చూసినా ముప్పై మూడు. ఎంత తీసినా అంతే. మా ఆయన ముందే చెప్పారు.

ఇక్కడితో అయిపోవాలి. అయిపోలేదు. మొన్న ఆదివారం కారు డిక్కీలో చెత్త ఊడుస్తూ అడుగున చాప ఎత్తాను. కింద ఒక చక్రం పడుకుని ఉంది. స్టెప్నీ అంటారట. దారిలో ఏదైనా చక్రం పోతే దీన్ని పెట్టుకోవాలట. అంటే ఇన్నాళ్ళూ నా కూతురి ప్రాణం ఆఖరికి ఆధారపడింది దీని మీదన్నమాట. బొటనవేలు పెట్టి నొక్కాను. వేలు లోపలికి పోయింది.

మా ఆయనకి అయిదో చెల్లెలు ఉండి ఉంటే దీనికీ కార్డు రాసేవాళ్ళు. దేవుడు దయ చూశాడు.

అలవాటు ప్రకారం కాగితం తీశాను. కలం తీశాను. "అయ్యా" అని రాశాను. ఆ రెండక్షరాలూ ఎంత బాగా వచ్చాయో! వాటిని చూసేసరికి గాలి ఆఫీసు బోర్డు గుర్తొచ్చింది. కాగితం నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో పడేసి, స్టెప్నీని నేనే దొర్లించుకుంటూ జిలానీ గారి షాపుకి వెళ్ళాను. ఆయన గాలి కొట్టారు. నేను నా మీటరు పెట్టి చూశాను. చాలన్నాను. అంతే.

స్టెప్నీ అనేది ఒకటుందని గాలి ఆఫీసుకి ఇంకా తెలియదు. మీరంతా నాకంటే చదువుకున్నవాళ్ళు. దస్తూరీ కూడా బాగుండే ఉంటుంది. దయచేసి ఎవరూ అర్జీ పెట్టకండి. భయంగా ఉంది.